వేరేవాళ్ల కోడ్‌ని మీ యాప్ నుంచి నడపడం ఎలా? పర్మిషన్ల విషయంలో జాగ్రత్త!

తోటపల్లి గూడూరు వైపు ఒక రొయ్యల రైతు రోజూ గుంటల డీఓ, పీహెచ్, ఉప్పు శాతం గూగుల్ షీట్‌లో ఎక్కిస్తున్నాడనుకుందాం. డీఓ 4 పీపీఎం కంటే తగ్గితే హెచ్చరించే కోడ్‌ని ఎవరో రాసి లైబ్రరీగా షేర్ చేశారు. దాన్ని మన మొబైల్ యాప్ నుంచి పిలవొచ్చా? పిలవొచ్చు. గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ ఏపీఐ చేసే పని అదే.

స్టెప్ 1: షీట్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూ నుంచి యాప్స్ స్క్రిప్ట్ ఓపెన్ చెయ్యండి. లైబ్రరీస్ పక్కన ప్లస్ నొక్కి, ఆ లైబ్రరీ స్క్రిప్ట్ ఐడీ ఇవ్వండి.

స్టెప్ 2: మీ స్క్రిప్ట్‌లో ఒక చిన్న ఫంక్షన్ రాసి, అందులోంచి లైబ్రరీ ఫంక్షన్‌ని పిలవండి. పేరు చివర అండర్‌స్కోర్ ఉన్న ఫంక్షన్లు మాత్రం బయటి నుంచి పిలిస్తే పలకవు.

స్టెప్ 3: స్క్రిప్ట్, యాప్ రెండూ ఒకే గూగుల్ క్లౌడ్ ప్రాజెక్ట్‌లో ఉండాలి. అక్కడ యాప్స్ స్క్రిప్ట్ ఏపీఐ ఆన్ చేసి, స్క్రిప్ట్‌ని ఏపీఐ ఎగ్జిక్యూటబుల్‌గా డిప్లాయ్ చెయ్యండి.

స్టెప్ 4: యాప్ నుంచి రన్ మెథడ్‌కి పోస్ట్ రిక్వెస్ట్ పంపండి. ఫంక్షన్ పేరు, పారామీటర్లు, ఓఆథ్ టోకెన్ ఉంటే చాలు. సర్వీస్ అకౌంట్ ఇక్కడ పనిచెయ్యదు, యూజర్ లాగిన్ అవ్వాల్సిందే. అంకెలు, టెక్స్ట్, లిస్టుల్లాంటివే పంపగలం. షీట్ ఆబ్జెక్ట్‌ని అలాగే పంపడం కుదరదు.

ఇక అసలు విషయం. కోడ్ రాసింది ఎవరైనా, అది నడిచేది లాగిన్ అయిన యూజర్ పేరు మీదే. లైబ్రరీకి జీమెయిల్ పర్మిషన్ కావాలంటే, ఆ పర్మిషన్ కూడా యూజర్‌నే అడుగుతుంది. డీఓ లెక్క చూసే కోడ్‌కి రైతు మెయిల్స్‌తో పనేంటి? గుంటకి నీళ్లు పెట్టడానికి వచ్చినవాడికి ఇంటి బీరువా తాళం ఇస్తామా?

అందుకే రెండు పనులు చెయ్యండి. ఒకటి, మ్యానిఫెస్ట్ ఫైల్‌లో ఓఆథ్ స్కోప్స్ మీరే రాసి, షీట్ వరకే పర్మిషన్ ఇవ్వండి. అప్పుడు లైబ్రరీ మెయిల్ జోలికి వెళ్తే ఎర్రర్ వస్తుంది. రెండు, లైబ్రరీ కలిపేటప్పుడు హెడ్ ఎంచుకోకుండా ఒక వెర్షన్ నంబర్ ఎంచుకోండి. రేపు అవతలివాళ్లు కోడ్ మార్చినా, మీరు చదివి ఒప్పుకున్న కోడే నడుస్తుంది.

మెసేజ్ రాకపోతే రాత్రి ఏరియేటర్ వెయ్యడం ఆలస్యమవుతుంది, పంట పోతుంది. అలాంటి చోట తెలియని కోడ్‌ని వాడేముందు పర్మిషన్ స్క్రీన్‌ని ఒక్కసారి పూర్తిగా చదవండి.