దీవిలో బడి చెప్ప పిలుపు వచ్చినప్పుడు

ఈ నెల పాఠము: అపొస్తలుల కార్యములు 28:1–11, తీతు 1:5, 3:12



చదువు ముగించిన మన యౌవనస్థులు ఒక ఏడాది జీతము ఆశించక పల్లె పిల్లలకు చదువు చెప్ప ముందుకు వచ్చుట మనకు సంతోషము. అయితే ఫలాని దీవిలోని చిన్న గ్రామమునకు వెళ్లవలెనని ఉత్తరము వచ్చినప్పుడు ఇంటిలో “అంత దూరమా?” అని దిగులు, సంఘములో “ఎంత గొప్ప సేవ!” అని పొగడ్త వినబడును. ఈ రెంటి నడుమ అసలు ప్రశ్న మరుగున పడును. మనము వెళ్లినందువలన ఆ పిల్లలకు కలుగు మేలు, మనము తిరిగి వచ్చిన తరువాత నిలుచునా? దీనిని మూడు భాగములుగా ఆలోచించుదము.

1. మొదట మనము అతిథులము

ఓడ పగిలి 276 మంది మెలితే ద్వీపమున ఒడ్డు చేరినప్పుడు, వానకు చలికి వణకుచున్న వారికి నిప్పు రాజబెట్టినవారు ఆ ద్వీపవాసులే. పొప్లి తన ఇంట మూడు దినములు ఆతిథ్యమిచ్చెను. పౌలు అక్కడి రోగులకు మేలు చేసినది ఆ తరువాతనే. ఇచ్చుటకు వెళ్లితిమని తలంచువారు మొదట పుచ్చుకొనుట నేర్వవలెను. మనకు గది, నీరు, అన్నము, తోడు చూపువారు ఆ గ్రామస్థులే.

కాబట్టి ఉత్తరము రాగానే విచారించవలసినది, మనలను కోరినది ఆ గ్రామమా, లేక పంపు సంస్థ మాత్రమేనా అని. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు ప్రాంతపు మన తెలుగు బాప్టిస్టులు పంపగా నేటాలుకు వెళ్లిరి. చెరకు తోటలలో కూలికి వెళ్లి స్థిరపడిన తెలుగువారు తమకు కాపరి కావలెనని కోరియుండిరి. కోరినచోటికి వెళ్లెను గనుక ఆయన పనికి ఆధారము దొరికెను. 1915లో మరణించువరకు అక్కడనే ఉండెను. ఆయన తరువాతను అక్కడి సంఘములు నిలిచినవి.

2. చెప్పువాడు ముందు నేర్చుకొనవలెను

మనకు దగ్గర దీవి పాంబన్. మదురై నుండి రామేశ్వరమునకు రైలుదారి సుమారు 160 కిలోమీటర్లు. 1914లో రైలు వంతెన, 1988లో రోడ్డు వంతెన, 2025 ఏప్రిల్‌లో కొత్త రైలు వంతెన వచ్చినవి. దారి దగ్గరైనంత మాత్రమున బ్రతుకు తెలిసినట్లు కాదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మర పడవల వేట నిషేధము. ఆ పడవలపై బ్రతుకు ఇంటికి చేతిలో డబ్బు లేని కాలము, బడులు తెరచు కాలము ఒకటే అగును. జూన్‌లో పిల్లవాడు నోటు పుస్తకము తేకపోయినచో అది సోమరితనమని కోపపడు ముందు ఇది తెలిసియుండవలెను.

భాష సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. నాయక రాజుల కాలము నుండి ఈ నేలపై ఉన్న తెలుగు కుటుంబములలో ఇంట తెలుగు, బడిలో తమిళము. తమిళము తప్పనిసరి చేయు 2006 చట్టము తరువాత ఈ భారము మరింత తెలిసినది. ఇంటి మాటను బడిలో ఎగతాళి చేసినచో పసివాడు నోరు మూసికొనును. కొంగునాటి తమిళము వేరు, మదురై తమిళము వేరు, రామనాథపురము తీరపు తమిళము వేరు. అక్కడి పిల్లల మాటను తప్పు పట్టక, దానినుండియే పుస్తకపు మాటకు నడిపించవలెను.

1931లో రామేశ్వరమున పుట్టిన అబ్దుల్ కలాముగారు తమ ఉపాధ్యాయుడు శివసుబ్రమణ్య అయ్యరుగారిని గూర్చి పలుమార్లు చెప్పిరి. పక్షి ఎగురు విధమును నల్లబల్లపై బొమ్మ వేసి చెప్పగా పిల్లలకు బోధపడలేదట. అప్పుడాయన వారిని సముద్రపు ఒడ్డుకు తీసుకొనిపోయి ఎగురు పక్షులనే చూపెను. దీవిలో లేనివాటిని లెక్కించక, ఉన్నదానితో పాఠము చెప్పుట అనగా ఇదే.

3. అప్పగించి రావలెను

పౌలు తీతును క్రేతు ద్వీపమున విడిచినది, మిగిలిన పనిని చక్కబెట్టి పట్టణ పట్టణమున పెద్దలను నియమించుటకు. అనగా పని అక్కడివారి చేతికి రావలెను. పత్రిక చివర మరియొక సంగతి కలదు. అర్తెమాను గాని తుకికును గాని పంపినప్పుడు తన యొద్దకు రమ్మని తీతుకు వ్రాసెను. మరొకరు వచ్చిన పిమ్మటనే ఇతని ప్రయాణము.

2021లో తమిళనాడు ప్రభుత్వము ‘ఇల్లం తేడి కల్వి’ ప్రారంభించినప్పుడు, ఒకటి నుండి ఎనిమిదవ తరగతి పిల్లలకు సాయంకాలము చదువు చెప్ప ఆ వాడలవారినే స్వచ్ఛంద సేవకులుగా తీసికొనిరి. వారు పిల్లల ఇండ్లు ఎరిగినవారు, పని ముగిసినను ఊరిలోనే ఉండువారు. బయటినుండి వెళ్లు మనకు ఆ రెండును లేవు. అందుచేత మొదటి నెలనుండియే ఆ ఊరిలో చదివిన ఒక అక్కనో అన్ననో ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని పంచుకొనవలెను. ఏ పిల్లవాడు ఎంతవరకు చదువగలడో ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. నడి సంవత్సరమున మంచి ఉద్యోగము వచ్చినచో ఏమి చేయుదుమో బయలుదేరక మునుపే తేల్చుకొనవలెను. అప్పుడే అక్షరములు కూడబలుకుకొనుచున్న పిల్లకు, చెప్పకుండ వెళ్లిపోయిన ఉపాధ్యాయుడు మిగుల్చునది, చదువు తనకు కాదన్న తలంపే.

సంఘమునకు ఒక మాట. వీడ్కోలు కూడికతో మన బాధ్యత తీరదు. దారి ఖర్చు, జబ్బు చేసినప్పుడు ఆదరణ, నెలకొక ఉత్తరము మన వంతు. లెక్కలు చెప్ప వెళ్లినవారు లెక్కలనే నమ్మకముగా చెప్పనిండు. ఎంతమందిని మార్చితివని అడుగక, ఎంతమంది చదువుచున్నారని అడుగుదము.

కూడికలో చర్చించుటకు

1. మెలితేవారు చూపిన దయనుండి బయటివారిగా వచ్చిన మన పితరుల అనుభవమును గూర్చి ఏమి నేర్చుకొందుము?

2. పిలుపు అందిన యౌవనస్థుడు వెళ్లక మునుపు ఎవరిని ఏ మూడు సంగతులు అడుగవలెను?

3. ఏడాది నిండక మునుపే తిరిగి రావలసివచ్చినచో, ఆ పిల్లలకు అర్తెమాగా ఎవరిని పంపగలము?