పొట్లం మీద పేరుందా? – మానసిక ఒత్తిడికి మూలికలు, మన జాగ్రత్తలు



ఈ ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపించుకోవడానికి బండ్రిలోని మా ఇంటికి ఒక అబ్బాయి వచ్చాడు. సంచిలోంచి సర్టిఫికెట్లతో పాటు ఒక పొట్లం కూడా బయటపడింది.

"ఏందిరా ఇది?" అన్నాను.

"రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు తాతా. మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్ పోతాదేమోనని భయం. టెన్షన్‌కు మంచిదని తెలిసినాయన ఇచ్చినాడు" అన్నాడు.

పొట్లం మీద పేరు లేదు, తూకం లేదు, తేదీ లేదు.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పేరు, మొత్తం, తేదీ లేని చెక్కును మేము కౌంటరు దగ్గరే తిప్పి ఇచ్చేవాళ్ళం. నోట్లో వేసుకునే మందుకు ఆపాటి పరిశీలన అయినా వద్దా? ఈ పాఠం అందుకే.

పేరు ఒకటి, మొక్కలు రెండు

మనసు నెమ్మదికి, జ్ఞాపకశక్తికి 'బ్రాహ్మి' మంచిదని అంటారు. కానీ ఆ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి మన సరస్వతి ఆకు. కన్నడంలో ఒందెలగ అంటారు. గుండ్రటి ఆకులతో నేలమీద పాకుతుంది. దీని శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. రెండవది నీటి బ్రాహ్మి. తడి నేలల్లో చిన్న, దళసరి ఆకులతో పెరుగుతుంది. దీని శాస్త్రీయ నామం బకోపా మొన్నియెరి. ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారులుంటే ఖాతా నంబరు చూస్తాం కదా! మొక్కకు శాస్త్రీయ నామమే ఆ నంబరు.

పెన్నేరు గడ్డ (అశ్వగంధ)

ఒత్తిడికి ఎక్కువగా వాడుతున్న మూలిక ఇది. దీనిపై హైదరాబాదు వైద్యులు చేసిన ఒక పరిశీలన 2012లో ప్రచురితమైంది. ఒత్తిడితో బాధపడే 64 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, రెండవ జట్టుకు మందు లేని ఉత్తుత్తి గొట్టాలు 60 రోజులు ఇచ్చారు. మందు వాడినవారిలో ఒత్తిడి బాగా తగ్గింది. ఇది జమ పద్దు.

ఖర్చు పద్దు కూడా చూడాలి. 64 మంది అంటే చిన్న లెక్క, 60 రోజులంటే కొద్ది కాలం. వారికి ఇచ్చింది కొలత కట్టిన వేరు సారం, అంగడి పొడి కాదు. అశ్వగంధ ఆకులు వాడవద్దని, వేరే వాడాలని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గర్భిణులు దీన్ని వాడరాదు.

నా పొరపాటు

రిటైరైన తరువాత నేనూ ఈ పొడి వాడాను. అప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. కొన్ని వారాలకు గుండె దడ, చేతులు వణకడం మొదలైంది. ఇదంతా దిగులు వల్లనే అనుకుని, పొడి ఇంకో చెంచా పెంచాను! చివరికి డాక్టరుగారు "వేరే ఏమైనా వాడుతున్నారా?" అని అడిగితే, "మందులేమీ లేవండీ, ఆకుపసరు పొడే" అన్నాను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచవచ్చునని అప్పుడు తెలిసింది. పొడి మానాక దడ తగ్గింది. మూలికను మందుల లెక్కలో రాయకపోవడమే నా తప్పు.

మూలికే కదా, ఏమీ చేయదు అనుకోవద్దు. సర్పగంధ వేరును మన దేశంలో ఎంతో కాలంగా మనసు కుదుటపడటానికి వాడేవారు. 1952లో దాని నుండి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. రక్తపోటు తగ్గించడానికి అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. కానీ దాన్ని వాడిన కొందరిలో తీవ్రమైన దిగులు కనిపించిందని వైద్యులే హెచ్చరించారు. పనిచేసే మూలికకు హాని చేసే శక్తి కూడా ఉంటుంది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. పేరు, మొక్క భాగం, తూకం, తయారీ తేదీ, లైసెన్సు నంబరు లేని పొడిని తీసుకోవద్దు.
2. అర్హత గల వైద్యుణ్ణి అడగండి. బళ్ళారిలో తారానాథ్ ప్రభుత్వ ఆయుర్వేద వైద్య కళాశాల ఉంది.
3. థైరాయిడ్, షుగరు, బి.పి., నిద్ర మాత్రలు వాడేవారు చెప్పకుండా మూలికలు కలపరాదు.
4. రాత్రి టీ, కాఫీ మానండి. సాయంత్రం అరగంట నడవండి. దీనికి ఖర్చు లేదు.
5. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, బ్రతుకు మీద విసుగు పుట్టినా మూలికలతో కాలం గడపవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది. తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు.

ఆ అబ్బాయి పొట్లం మా ఇంట్లోనే వదిలి, మరుసటి వారం తండ్రితో కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. రాత్రి మూడుసార్లు టీ తాగి చదువుతున్నాడని అక్కడ బయటపడింది. అంతకన్నా ముఖ్యం, తన భయాన్ని మొదటిసారి తండ్రికి చెప్పుకున్నాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మార్కులు అడిగే ముందు, "రాత్రి నిద్ర పట్టిందా నాయనా?" అని అడగండి. స్కాలర్‌షిప్ బిడ్డ చదువు కోసమే, బిడ్డ దానికోసం కాదు.