చిన్న గాజు సామాను కడిగే పద్ధతి

చి. మేనకోడలికి,

గాజు పాత్ర చిన్నదయ్యే కొద్దీ అందులో పట్టే ద్రవంతో పోలిస్తే లోపలి గోడ ఎక్కువవుతుంది. ఒకే ఆకారంలో ఉన్న లీటరు పాత్రకన్నా మిల్లీలీటరు పాత్రలో ప్రతి మిల్లీలీటరుకూ తగిలే గోడ పది రెట్లు. మకిలి ఉండేది గోడ మీదే. ఉదాహరణకు ల్యాబులో తాగునీటిలోని సీసం కొలవడమే తీసుకుందాం. దానికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే సరిగ్గా ఆ హద్దును తాకిన నీళ్ళు 10 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో పోస్తే అందులో ఉండే సీసం 100 నానోగ్రాములే. గోడ నుంచి ఇంకో పది నానోగ్రాములు ఊడి కలిస్తే ఫలితం పది శాతం తప్పు. ఫ్లాస్కు మాత్రం కంటికి తళతళలాడుతూనే ఉంటుంది. ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1956లో ప్రకటించిన క్లెయిర్ ప్యాటర్సన్ కూడా అంతకుముందు ఏళ్ళ తరబడి పోరాడింది ల్యాబులోకి వచ్చి చేరే సీసంతోనే.

పని కాగానే పాత్రను ఆరనివ్వకుండా కడగాలి. మెతుకులు ఎండిపోయిన అన్నం గిన్నెను ఎంత తోమాలో ఇంట్లో అందరికీ తెలుసు, గాజూ అంతే. ఫాస్ఫేటు లేని డిటర్జెంటు మంచిది. బ్రష్షు తీగ కొన గాజుకు తగలకూడదు, గీత పడిన చోట మకిలి స్థిరపడిపోతుంది. శుభ్రమైన గోడ మీద నీళ్ళు పలచని పొరలా పరుచుకుంటాయి. బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

తొలపడంలో తొందర పనికిరాదు. వంపేశాక గోడను అంటుకుని 0.1 మిల్లీలీటరు మిగిలిందనుకుందాం. మూడు మిల్లీలీటర్ల నీళ్ళు ఒకేసారి పోసి తొలిపితే పాత మకిలిలో 31వ వంతు మిగులుతుంది. అవే నీళ్ళు ఒక్కో మిల్లీలీటరు చొప్పున మూడుసార్లు పోస్తే మిగిలేది 1,331వ వంతు. ఖర్చైన నీళ్ళు ఒకటే, శుభ్రతలో తేడా నలభై రెట్ల పైమాటే. పంపు నీళ్ళతో మొదలుపెట్టినా చివరి తొలుపులు డీఅయనైజ్డ్ నీళ్ళతోనే జరగాలి. వయల్ లోపల దింపే 250 మైక్రోలీటర్ల సన్నటి గాజు ఇన్సర్టులో పైనుంచి నీళ్ళు పోస్తే అడుగున గాలి బుడగ చిక్కుకుని ఆ చోటు తడవనే తడవదు. సన్నటి సూది సిరంజితో అడుగు నుంచి నింపాలి. నిజానికి కొత్త ఇన్సర్టు ఒక్కసారి వాడి పారేయడమే మేలు.

లోహాలు కొలిచే సామానుకు డిటర్జెంటు చాలదు. గాజు ఉపరితలం లోహ అయాన్లను పట్టుకుని, తర్వాత ఆమ్లం తగిలినప్పుడు వదులుతుంది. అందుకే పది శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టాలి: 900 మిల్లీలీటర్ల నీళ్ళలోకి 100 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం, మెల్లగా. నీళ్ళలోకే ఆమ్లం పోయాలి తప్ప ఆమ్లంలోకి నీళ్ళు పోయకూడదు. ఎసిటోన్ తడి ఉన్న పాత్రను ఈ ఆమ్లపు తొట్టి దగ్గరికి కూడా తేకూడదు. ఆ రెండూ కలిస్తే పేలుడు జరగవచ్చు. పాతకాలపు క్రోమిక్ ఆమ్లాన్ని పూర్తిగా మానేయాలి. అది విషం, పైగా దాని క్రోమియం గాజును పట్టుకుని వదలదు. గ్లౌజులు కూడా పౌడరు లేనివే వాడాలి, పౌడరు పూసిన వాటి నుంచి జింకు రాలుతుంది. బోరాన్, సిలికా కొలవాలంటే ఎంత కడిగినా గాజు పనికిరాదు, ల్యాబు సామాను చేసే బోరోసిలికేటు గాజులో ఉండేవే ఆ రెండూ. అక్కడ ప్లాస్టిక్కే దిక్కు.

పురుగుమందుల అవశేషాల వంటి సేంద్రియ పదార్థాలకు దారి వేరు. కడిగి ఆరిన వయల్స్‌ను 400 డిగ్రీల ఫర్నేసులో గంటసేపు ఉంచితే గోడ మీది సేంద్రియాలు కాలిపోతాయి. కొలత గీత ఉన్న ఫ్లాస్కులూ పిప్పెట్లూ అంత వేడికి కొలత తప్పుతాయి కాబట్టి వాటిని ఎసిటోన్‌తో, ఆపైన హెక్సేన్‌తో తొలపాలి.

ఆరబెట్టేటప్పుడు దుమ్ము పడని చోట బోర్లించాలి. గుడ్డతో లోపల తుడవకూడదు. గాఢ స్టాండర్డు ద్రావణాలకు వాడిన ఫ్లాస్కులను విడిగా, గుర్తు పెట్టి దాచాలి.

శుభ్రమైందో లేదో తేల్చేది బ్లాంకు. కడిగిన వాటిలోంచి కొన్ని తీసి, నమూనా లేకుండా అవే రసాయనాలు పోసి, అంతే సేపు ఉంచి కొలవాలి. అంకె ఎక్కువగా వస్తే ఆ విడత మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి శుభ్రం చేయాలి. ఆ అంకెలను తేదీతో, ఫ్లాస్కు నంబరుతో పుస్తకంలో రాసి ఉంచితే ఏ ఫ్లాస్కు మాటిమాటికీ తేడా చేస్తోందో తెలుస్తుంది. దాన్ని ఈ పనిలోంచి తప్పించాలి.

ఆశీస్సులతో,
మామయ్య