దర్శనములోని చిరునామా

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 9:10-19; 10:1-33; 16:6-15

సూరత్ నగరమున, తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి యున్నది. పవర్‌లూమ్ షెడ్లు బారులు తీరిన ప్రదేశమది. అక్కడి మగ్గములయొద్ద నిలిచి పనిచేయువారిలో గంజాం జిల్లానుండి వచ్చినవారు అనేకులు. సూరత్ నగరమంతటిని చూచినయెడల, తెలంగాణ జిల్లాలనుండి నేతపనికై వచ్చి స్థిరపడిన తెలుగువారును విస్తారముగా నున్నారు. వారి పిల్లలకొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నెలకొల్పెను. మగ్గముల పనిలో పండ్రెండు గంటల పాళీ సాధారణము. కుటుంబమును స్వగ్రామమున విడిచి వచ్చిన కార్మికులు ఒకే గదిలో పెక్కుమంది వసించుదురు. పగటి పాళీవాడు పనికి పోగానే రాత్రి పాళీవాడు వచ్చి అదే స్థలమున పండుకొనును.

అట్టి గదిలో ఒక విశ్వాసి యున్నాడనుకొనుడి. ఆదివారపు కూటమున ఒకరు తాము చూచిన వెలుగునుగూర్చియు, మరియొకరు స్వప్నమున వినిన స్వరమునుగూర్చియు సాక్ష్యమిత్తురు. ఇతడు ఏమియు చూడలేదు, ఏమియు వినలేదు. మగ్గముల మ్రోత ఇంకను చెవులలో నుండగా ప్రార్థనకు మోకరించినచో అతనికి నిద్రయే వచ్చును. దేవుడు వారిని దర్శించి తన్ను దాటిపోయెనా అను ప్రశ్న అతని హృదయమును బాధించుట సహజము. ఇది సూరత్‌లోని కార్మికుని ప్రశ్న మాత్రమే కాదు. దర్శన సాక్ష్యములు వినబడు ప్రతి సంఘమునను, వెనుకటి వరుసలో కూర్చుండి మౌనముగా నుండువారి ప్రశ్నయు నిదియే.

1. దర్శనము ఎక్కడికి నడిపించును?

అపొస్తలుల కార్యముల గ్రంథములోని దర్శనములను వరుసగా చదువువాడు ఒక సంగతిని గమనింపక మానడు. దమస్కులోని అననీయకు కలిగిన దర్శనమున పరలోకపు వర్ణన ఏమియు లేదు. అందున్నది ఒక వీధి పేరు, ఒక ఇంటి యజమానుని పేరు, ఆ యింట ప్రార్థించుచున్న తార్సువాని పేరు. కొర్నేలీకి దేవదూత తెలిపినదియు నట్టిదే: యొప్పే పట్టణము, సముద్రపు దరి, చర్మకారుడైన సీమోను ఇల్లు. ఇంత మహిమగల దర్శనములు చివరకు ఒక చిరునామాను చేతికిచ్చి ముగియుచున్నవి.

పేతురు సంగతి ఇంకను విశేషమైనది. మిద్దెమీద అతడు ఒకే దృశ్యమును మూడు మారులు చూచెను. అయినను దాని భావమేమో తోచక కలవరపడెను. అంతలో కొర్నేలీ పంపిన మనుష్యులు ఆ యింటి వాకిట నిలిచి అతనికొరకు విచారించిరి. వారివెంట నడచి, యూదుడు కాని వాని గడప దాటి, అచ్చట కూడియున్నవారిని చూచినప్పుడు అతనికి భావము స్పష్టమాయెను. దర్శనము మిద్దెమీద కలిగెను. దాని అర్థము పొరుగువాని యింట తెలిసెను. పేతురు మిద్దెమీదనే నిలిచి నాలుగవ మారు చూడగోరి యుండినయెడల, అర్థము తెలియకయే యుండియుండును.

ఇక త్రోయలో పౌలు రాత్రివేళ మాసిదోనియ దేశస్థుని ఒకని దర్శనమందు చూచెను. సముద్రము దాటి ఫిలిప్పీకి చేరగా, అతనికొరకు ఎదురుచూచుచున్న పురుషుడెవడును కానరాలేదు. విశ్రాంతిదినమున నదీతీరమునకు వెళ్లగా కొందరు స్త్రీలు కూడియుండిరి. వారిలో లూదియ ఊదారంగు వస్త్రముల వ్యాపారము చేయునది. ఆమె ఏ దర్శనమును చూచినట్టు వాక్యము చెప్పలేదు. ఆమె వినుచుండగా ప్రభువు ఆమె హృదయమును తెరచెనని మాత్రము చెప్పుచున్నది. ఇచ్చట విశ్వాసికి గొప్ప ఆదరణ యున్నది. దర్శనము చూడని లూదియ నిమిత్తమే, చూచిన పౌలు సముద్రము దాటవలసివచ్చెను. చూచినవాడు పంపబడినవాడు, చూడనిది వెదకబడినది. ఈ ఇరువురిలో దేవునికి ఎవరు దగ్గరివారు అని అడుగుట వ్యర్థము.

2. రెండు విధములైన అక్షరములు

తెలుగు సంఘ చరిత్రయు ఈ సత్యమునకు సాక్షి. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘమున పరిచర్య చేసినవారు. 1938 జనవరి 31న రాజమహేంద్రవరమున, బైబిలు మిషను అను పేరు గాలిలో బంగారు అక్షరములతో ఆయనకు కనబడెనని ఆ మిషను సంఘస్థులు సాక్ష్యమిత్తురు. ఆ పేరుతో ఆయన ఆరంభించిన పరిచర్య గుంటూరు సమీపమందలి కాకాని కేంద్రముగా వ్యాపించెను. ఆయన 1960లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఉపదేశములన్నిటిని అన్ని సంఘములవారు అంగీకరింపలేదు. అయినను ఆయన రచించిన కీర్తనలు ఆయన సంఘమునకు వెలుపలను పాడబడుచున్నవి.

అంతకు నూరేండ్లకు ముందు మరియొకరికి దేవుడు వేరువిధముగా అక్షరములను చూపెను. బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారి చేతికి ఒక క్రైస్తవ కరపత్రము వచ్చెను. అది బంగారముకాదు, కాగితముమీద అచ్చుపడిన సిరాయే. గాలిలో ఏదియు ప్రకాశింపలేదు. చదివిరి, ఆలోచించిరి, విచారించిరి; 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి. 1890లో మరణించువరకు వారు సాగించిన జీవితమునుండి తెలుగు సంఘమునకు లభించిన కీర్తనలు నేటికిని ఆరాధనలలో వినబడుచున్నవి.

ఒకరికి బంగారు అక్షరములు, ఒకరికి సిరా అక్షరములు. ఫలమును చూచినయెడల, ఇరువురి పాటలును ఒకే పుస్తకములో ప్రక్కప్రక్కనే యున్నవి. పాడువాడు ఏ పాటకు వెనుక దర్శనమున్నదో, ఏ పాటకు వెనుక కరపత్రమున్నదో విచారింపడు. దేవుడు తన సేవకుని పిలుచు విధము ఆయన ఇష్టము. పిలువబడినవాడు లోబడుటయే పరీక్ష.

3. ఏమియు కనబడని సంవత్సరములు

దేవుని కార్యములో వెలుగు కనబడు దినములకంటె ఏమియు కనబడని దినములే ఎక్కువ. లండన్ మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. భాష నేర్చిరి, ఆనందరాయరు అను విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగుచేయ మొదలిడిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి శ్రమఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చగునాటికి వారిద్దరును లేరు. ఆ మిషను పనివలన తొలి తెలుగు విశ్వాసి బాప్తిస్మము పొందుటకు దాదాపు ముప్పది సంవత్సరములు పట్టెను.

అదే సొసైటీ 1815లో సూరత్‌కు జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అనువారిని పంపెను. అచ్చటను మొదటి పని భాష నేర్చుట, తర్జుమా చేయుట, ముద్రణాలయము నడుపుట. 1820వ దశకపు తొలి సంవత్సరములలో గుజరాతీ బైబిలు ఆ సూరత్‌లోనే అచ్చయ్యెను. తెలుగువారికిని గుజరాతీలకును వాక్యము ఈ రీతిగా, వ్యాకరణముతోను సిరాతోను పెనగులాడిన మనుష్యుల చేతులమీదుగా వచ్చెను. ఆ చేతులు పనిచేయుచుండగా ఆకాశము తెరువబడినదని ఎవరును వ్రాయలేదు. అయినను దేవుడు అచ్చట పనిచేయలేదని ఎవరనగలరు?

4. ఆరాధన ఎక్కడ ముగియును?

యెషయా ఆరవ అధ్యాయము ఆరాధనకు క్రమము నేర్పుచున్నది. ప్రవక్త దేవుని పరిశుద్ధతను చూచెను, తన పెదవుల అపవిత్రతను ఒప్పుకొనెను, నిప్పుతో శుద్ధిచేయబడెను, అంతట తన్ను పంపుమని విన్నవించెను. పంపబడుట లేక ఆ దర్శనము సంపూర్ణము కాలేదు. దేవదాసు అయ్యగారు విశ్వాసులకు సన్నిధి కూటములను నేర్పిరి. అనగా దేవుని యెదుట మౌనముగా కనిపెట్టుట. కనిపెట్టుట మంచిదే. కాని సన్నిధినుండి లేచినవాడు ఏ వాకిలికి వెళ్లెననునదియు చూడవలయును.

ప్రత్యేక స్థలముగాని నిశ్శబ్దమైన గంటగాని దొరకని కార్మికుడు ఆరాధింపలేడా? ఆరాధింపగలడు. దర్శనము పొందినవాడు వెదకవలసిన చిరునామా అతని చేతిలో ముందుగానే యున్నది. తాను లేచిన స్థలమున పండుకొనబోవు రాత్రి పాళీవానికి జ్వరము వచ్చినచో గంజి కాచియిచ్చుట, చదువు రానివానికి ఇంటినుండి వచ్చిన సందేశము చదివి వినిపించుట, భాష వేరైనను తోటివానిని అన్నా అని పిలుచుట — వీటికి దూత వచ్చి చెప్పవలసిన పనిలేదు. మత్తయి 25వ అధ్యాయములో నీతిమంతులు తాము ప్రభువును ఎప్పుడు చూచితిమని ఆశ్చర్యముతో అడుగుదురు. వారు చూచిరి, గాని చూచినట్లు ఎరుగరు.

5. పరీక్షించు విధము

దర్శనములు లేవని తృణీకరించుట వాక్యసమ్మతము కాదు. విన్నదంతయు నమ్ముటయు వాక్యసమ్మతము కాదు. ఆత్మను ఆర్పవద్దనిన పౌలే సమస్తమును పరీక్షింపుమని థెస్సలొనీకయులకు వ్రాసెను (1 థెస్స. 5:19-21). మూడు ప్రశ్నలు ఉపయోగకరములు.

మొదటిది: ఇది వాక్యముతో ఏకీభవించుచున్నదా? సూచక క్రియ నెరవేరినను, అన్యదేవతలవైపు త్రిప్పువాని మాట వినరాదని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

రెండవది: ఇది ఎవరిని హెచ్చించుచున్నది? పౌలు తనకు కలిగిన ప్రత్యక్షతనుగూర్చి పదునాలుగు సంవత్సరముల తరువాతనే, అదియు మరియొకని సంగతివలె, చెప్పెను (2 కొరింథీ. 12). దర్శనము పేరిట పేదవాని వేతనము అడుగువాడును, రోగితో ఔషధము మానుమనువాడును, నీవు చూడలేదు గనుక నీ విశ్వాసము కొదువైనదనువాడును ఈ పరీక్షలో నిలువలేరు.

మూడవది: ఇది కాలమునకు తాళునా? ఒంగోలు చరిత్ర దీనికి మంచి దృష్టాంతము. 1854 జనవరి 1న లైమన్ జ్యూవెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. పండ్రెండేండ్లకు, 1866లో, జాన్ క్లౌ అచ్చటికి వచ్చెను. 1876-78 నాటి మహా కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. వేలకొలది జనులు బాప్తిస్మమడిగిరి. అన్నముకొరకు వచ్చుచున్నారేమో యని, సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మము నిలిపివేసెను. సహాయము ముగిసిన పిమ్మటను వారు వచ్చుచునే యుండిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దేవుని కార్యమైనది పరీక్షకు భయపడదు. ఆలస్యమువలన అది చెడిపోదు.

6. జవాబు రానప్పుడు

దర్శనమును లేదు, అడిగినదియు దొరకలేదు. అట్టివారి మాట ఏమి? ఈ ప్రశ్నను సులభమైన మాటతో కప్పివేయరాదు. మూడవ ఆకాశమువరకు కొనిపోబడిన పౌలే తన ముల్లు తొలగింపుమని మూడుసార్లు వేడుకొనగా, అది తొలగలేదు. దర్శనము అతని బాధను తీసివేయలేదు. కృప ఆ బాధలో అతనిని నిలిపెను. ఎమ్మాయు మార్గమున ఇద్దరు శిష్యులు ప్రభువుతోకూడ నడచుచునే ఆయనను గుర్తుపట్టలేదు. వారి కన్నులు తెరువబడుటకు ముందే వారి హృదయములు మండుచుండెను. ఆయన ప్రక్కననే యుండెను. కనబడకపోవుట ఆయన లేకపోవుట కాదు. గుర్తుపట్టకయే నడచిన ఆ కోసులన్నియు ఆయనతో నడచినవే.

ధ్యానింపవలసిన ప్రశ్నలు

1. అననీయ, కొర్నేలీ, పౌలు — వీరి దర్శనములలో ప్రతిదానికి కలిగిన చిరునామా ఏది? ఆ వాకిట ఎవరుండిరి?

2. సంఘములో దర్శన సాక్ష్యములు చెప్పబడునప్పుడు, చూడనివారు చిన్నబుచ్చుకొనకుండునట్లు ఎట్లు జాగ్రత్తపడవలయును?

3. ఈ వారము తెలుపబడియు, ఇంకను వెళ్లని చిరునామా ఏదైన నున్నదా?

ప్రార్థనాంశము: స్వగ్రామములకు దూరముగా, మగ్గములయొద్దను మిల్లులలోను రాత్రింబగళ్లు పనిచేయు సహోదరులకొరకును, వారిని అద్దెగదులలో వెదకి పరామర్శించువారికొరకును.