కుట్టుయంత్రమునందలి పండ్లచక్రము

విద్యార్థులారా! మీలో ననేకుల యిండ్ల యందు కుట్టుయంత్రము గలదు. దాని చప్పుడు వినుచు పెరిగిన మీలో నెందరు దాని లోపలికి తొంగి చూచితిరి? ఈ పాఠమున నాపని చేయుదము.

బడులు తెరచుటకు రెండు వారములు ముందు, పంజాగుట్టలో బట్టలు కుట్టి జీవించు నొక తల్లి తన యంత్రమును మాకు చూపినది. అది బంధువులు అమెరికానుండి తెచ్చిన పాత విద్యుద్యంత్రము. అచటి 120 వోల్టులకు చేయబడినదగుటచే, మన 230 వోల్టులను తగ్గించు ట్రాన్స్‌ఫార్మరుతో నడచుచుండెను. మోటారు తిరుగుచున్నది, సూది ఆడుచున్నది, కాని కుట్టు పడుటలేదు. అమీరుపేటలో నొక దుకాణదారుడు దానిని తూకమునకు అమ్మివేయుమనెనట. ఆమె చేతిలో పిల్లల యూనిఫారములు కుట్టవలసినవి మిగిలియుండెను.

సూది ఆడుచు కుట్టు పడకుండుటకు కారణమేమి? సూది దిగి పైకి లేచునపుడు, దాని వెనుక దారము చిన్న ఉచ్చుగా నేర్పడును. క్రిందనున్న కొక్కెము ఆ యుచ్చును పట్టి బాబిన్ దారము చుట్టు త్రిప్పును. మేము చేతిచక్రమును మెల్లగా త్రిప్పి చూడగా, ఈ కొక్కెము కదలలేదు. యంత్రమును వెనుకకు వంచి చూడగా, క్రింది యిరుసుపైనున్న నైలాను పండ్లచక్రము పగిలియుండెను.

కాలుతో త్రొక్కు పాత నల్లయంత్రములలో చక్రములు లోహపువి. నైలానును 1935లో అమెరికాలో డ్యూపాంటు సంస్థయందు కరోథర్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. అది తేలిక, చవుక, చప్పుడు చేయదు. కావున తరువాతి యంత్రములలో దానితో చక్రములు చేసిరి. కాని ఏండ్లు గడచినకొలది అది పెళుసెక్కి చిట్లును. ఎండి గట్టిపడిన గ్రీజు దానిపై భారమును పెంచును.

మార్చు విధానమిది. మొదట విద్యుత్తు తీగను ఊడదీయవలెను. సూదిని, బాబినును తీసివేసి, చక్రములున్న స్థానమును బొమ్మ గీసికొనవలెను. మరమేకులు వదలించి పాతచక్రమును తీసి, ఇరుసును, పాత గ్రీజును శుభ్రముగా తుడువవలెను. పగిలిన తునకలొక్కటియు లోపల మిగులరాదు. పండ్లను లెక్కించి సరిగా అన్నియే గల చక్రమును తేవలెను. గుండ్రముగా తిరుగు కొక్కెము ఒక్కొక్క కుట్టునకు రెండుమారులు తిరుగవలెను గనుక, లెక్క తప్పిన నంతయు తప్పును. ఒకదానితో నొకటి కలియు రెండు చక్రములును నైలానువే యైనచో రెంటిని మార్చుట మేలు. పండ్లు బిగిసిపోక, వెంట్రుకవాసి సందుతో కలియవలెను. వానికి నూనె గాక కొంచెము గ్రీజు పూయవలెను.

ఇక కాలము కుదుర్చుట. సూది అడుగుననుండి సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేచినపుడు, కొక్కెపు మొన సూదిబెజ్జమునకు కొంచెము పైగా రావలెను. మేము మొదట దీనిని చాలినంత సరిచూడక బిగించితిమి, కుట్లు దాటిపోయినవి. మరల వదలించి, చేతితో త్రిప్పుచు మూడవమారు సరిచేసితిమి.

చక్రములు తపాలాలో వచ్చుటకు ఎనిమిది దినములు పట్టినది. మిగిలిన దినములలో ఆ తల్లి రాత్రులును కుట్టి, బడి తెరచునాటికి యూనిఫారములన్నియు ఇచ్చినది. యంత్రమంతయు చెడినదని తలచుటకు ముందు, ఏది కదలుచున్నదో, ఏది కదలుటలేదో చూడుడు. ఆ రెంటి నడుమనే చెడిన భాగముండును.