గృహిణుల పద్దు పుస్తకములు – పాఠ పరిష్కరణ

గృహవ్యయమును భార్య చేతిలో నుంచుట మన శాస్త్రములకు క్రొత్త గాదు. మనువు 9వ అధ్యాయమున ధనసంగ్రహమునందును వ్యయమునందును ఆమెను నియోగింపుమనెను. వాత్స్యాయనుడు భార్యాధికారికమున ఇంకను వివరించి, సంవత్సరాదాయమును గణించి దానికి తగినట్లు ఖర్చు చేయవలెననియు, ఏనాటి ఆయవ్యయములను ఆనాడే కూడ నేర్వవలెననియు విధించెను. మిగిలిన పాలనుండి నెయ్యి తీయుట సైతము ఆ ప్రకరణము లోనిదే. లెక్క విధించిన సమాజమే ఆమెకు అక్షరమును నిరాకరించుట విచిత్రము! పాలలెక్క గోడమీది బొగ్గుగీతలుగా నిలుచుటకు కారణమిదియే.

కావున 19వ శతాబ్ది గృహిణి స్వహస్తముతో వ్రాసిన పద్దు ఎక్కడ దొరికినను అది తాళపత్ర కావ్యముతో సమానముగా పరిష్కరింపదగినది. 1902లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్యగారు ‘హిందూసుందరి’ని స్థాపించునాటికి చదువరులైన స్త్రీలు ఉండిరి గదా, వారి అటకలమీది కట్టలను మన గ్రంథాన్వేషకులు ముట్టలేదు. కొల్లేటి లంకలలో, తాడేపల్లిగూడెము ప్రాంతపు పాత లోగిళ్లలో నేడు అవి చిత్తుకాగితముల క్రింద పోవుచున్నవి.

పరిష్కర్తకు పరిభాష తెలియవలెను. వంటక విధిలో “రూపాయి ఎత్తు ఇంగువ” అని యున్నచో అది ధర కాదు, తూకము. 1835 నాటి కుంఫిణీ రూపాయి ఒక తులము తూగును. 3 తులములు పలము, 40 పలములు వీశె. దానిని ఖర్చు పద్దున కలిపినచో కూడిక చెడును. శేరు మరియు చిక్కు: తూకమున 8 పలములు, కొలతలో మానికకు పర్యాయము. నూనెకు ఏది, బియ్యమునకు ఏది అని సందర్భమును బట్టి నిర్ణయింపవలెను. గిద్దలు 4 సోల, సోలలు 2 తవ్వ, తవ్వలు 2 మానిక, మానికలు 4 కుంచము. వీనిని లీటర్లలోనికి మార్చి ముద్రించుట పాఠభంగమే. కావలసినచో అధోజ్ఞాపిక చాలును. అట్లే 16 అణాల రూపాయిని 1957 నాటి నయాపైసలుగా మార్చరాదు.

డెల్టా పద్దులలో మరొక విశేషము. ఆదాయము ధాన్యరూపమున పుట్లు, తూములుగా వచ్చును. ఉప్పు, బట్ట నగదుతో కొందురు. చాకలికి, మంగలికి కళ్లమున ధాన్యమే కొలుతురు. నగదు పుటను మాత్రము చూచి ఇల్లాలి మితవ్యయమును నిర్ణయించుట తగదు.

వంటకములను వేరుచేసి అనుబంధముగా ముద్రించు అలవాటును నేను అంగీకరింపను. ఆవకాయ పాళ్ల ప్రక్కనే ఆనాటి ఆవాల ధర యున్నచో ఆ రెండును ఒకే పాఠము. నూనె మరక పడి అక్షరము చెరిగిన చోటును సైతము గుర్తింపవలెను.