పాఠశాలా భవనములందలి రాతినార

మనము ఏ కప్పు క్రింద కూర్చుండి చదువుకొనుచున్నామో ఆ కప్పు దేనితో చేయబడినదని మనలో ఆలోచించువారు అరుదు. అనేక పాఠశాలల వసారాలకును, సైకిలు కొట్టములకును, వంటపాకలకును బూడిదవన్నె సిమెంటు రేకులు కప్పబడియున్నవి. ఇవి వానకు తడియవు, నిప్పునకు కాలవు, చెదలు పట్టవు, వెల స్వల్పము. ఇట్టి రేకులలో పెక్కింటియందు సిమెంటుతోపాటు నూటికి సుమారు 10 పాళ్లు రాతినార కలదు. దీని సంగతి విద్యార్థులెల్లరును ఎఱుగదగినదని తలచి ఈ వ్యాసమును వ్రాయ బూనితిమి.

రాతినార భూమినుండి త్రవ్వి తీయబడు ఖనిజము. చూచుటకు రాయి, చీల్చినచో నార. ఆంగ్లమున దీనిని ఆస్బెస్టాస్ అందురు. ఆర్పరానిది యని ఆ గ్రీకు పదమునకు అర్థము. ఇందు తెల్లనిది, గోధుమవన్నెది, నీలిది అను మూడు రకములు విరివిగా వాడబడినవి. మన కడప జిల్లాయందలి పులివెందుల ప్రాంతమున తెల్లరాతినార గనులు త్రవ్వబడినవి. అగ్నికి లొంగని ఈ నారను ఇరువదవ శతాబ్దమున లోకమెల్ల కొనియాడి, ఆవిరిగొట్టములకు చుట్టెను, గోడలకు పూసెను, ఇండ్లకు కప్పెను.

ఏ గుణము దీనికి కీర్తి తెచ్చెనో ఆ గుణమే దీని దోషము. ఈ నార కంటికి కానరానంత సన్నని పోగులుగా చీలి, గాలిలో చాలసేపు తేలియాడును. శ్వాసతో లోనికి పోయిన పోగులను అగ్నివలెనే మన దేహమును జీర్ణింపజాలదు. అవి ఊపిరితిత్తులలో నిలిచి వానిని గట్టిపఱచును. కొందఱియందు క్యాన్సరును పుట్టించును. ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అను స్త్రీ 1924లో మరణింపగా, డాక్టరు కుక్ ఆమె వ్యాధిని గుఱించి వైద్యపత్రికలో ప్రకటించెను. 1960లో దక్షిణాఫ్రికాయందు డాక్టరు వాగ్నరును ఆయన సహచరులును ఊపిరితిత్తుల పొరకు వచ్చు క్యాన్సరు రోగులను 33 మందిని వర్ణించిరి. వారిలో గనిలో దిగినవారే కాక, గనుల సమీపమున బాల్యము గడపినవారును ఉండిరి.

ఈ వ్యాధులు వెంటనే పొడసూపవు. పోగులు లోనికి పోయిన 20, 30, 40 సంవత్సరములకు గాని తెలియవు. కావున బాలురకు అపాయము అధికము. 5 ఏండ్ల వయస్సున మొదట ఈ ధూళి సోకిన బిడ్డకు, 30 ఏండ్ల వయస్సున అంతే ధూళి సోకినవానికంటె ఆ పొరక్యాన్సరు వచ్చు అవకాశము ఇంచుమించు 5 రెట్లని ఇంగ్లండునందలి నిపుణుల సంఘము 2013లో తేల్చెను.

అట్లయిన రేకులనన్నిటిని నేడే పీకివేయవలెనా? అది తొందరపాటు. చెక్కుచెదరని రేకునందు సిమెంటు నారను గట్టిగా పట్టియుంచును. మేకు, ఱంపము, సుత్తి తాకినప్పుడే పోగులు వెలువడును. అమెరికా సంయుక్తరాష్ట్రములందు 1986లో చేయబడిన శాసనముకూడ అన్నిటిని తీసివేయుడని చెప్పలేదు. ప్రతి పాఠశాలయందును రాతినార ఎచ్చట నున్నదో కనుగొని వ్రాసియుంచవలెననియు, 6 నెలలకొకమాఱు చూచుచు 3 సంవత్సరములకొకమాఱు నిపుణులచే పరీక్షింపజేయవలెననియు, ఆ వ్రాతలను తల్లిదండ్రులకు చూపవలెననియు విధించెను.

ఇక మనము చేయవలసినది. రేకునకు రంధ్రములు పొడువరాదు, కోయరాదు, ఇనుపకుంచెతో నాచు గీకరాదు. బంతి పైన పడినదని ఎవరును రేకులపైకి ఎక్కరాదు. అవి పెళుసైనవి, కాలు మోపినచోట విఱిగి ప్రాణాపాయము కలుగును. గాలివానకు రేకులు విఱిగిపడుట మన తీరప్రాంతమున వింత కాదు. అట్టియెడ పిల్లలను దూరముగా నుంచి, ముక్కలను నీటితో తడిపి, తగిన ముసుగు ధరించిన తెలిసినవారిచేత ఏరించి, దళసరి ప్లాస్టిక్కు సంచులలో రెండు పొరలుగా కట్టి, పేరు వ్రాసి, అధికారులు చూపిన చోటికే పంపవలెను. పొడిచీపురుతో ఊడ్చుట మిక్కిలి చెఱుపు. ముక్కుకు కట్టిన తుండుగుడ్డ ఈ పోగులను ఆపదు. ముక్కలతో గుంటలు పూడ్చుటయు తగదు. పనివారు ఆ బట్టలతో ఇండ్లకు పోరాదు. వానిని ఉతికిన భార్యలకును ఈ వ్యాధి సోకిన ఉదాహరణములు కలవు.

మేము బాలురమై యుండగా విఱిగిన రేకుముక్కలతో బండలపై గీతలు గీచితిమి; వానిని చలిమంటలో వైచి, టపటప ప్రేలుచుండగా చప్పట్లు కొట్టితిమి. మమ్ము వారించినవారు లేరు, వారికిని తెలియదు గనుక. నేటివారికి ఆ సాకు లేదు.

1995లో మన సుప్రీము కోర్టు రాతినార పనివారి ఆరోగ్యపు లెక్కలను కనీసము 40 సంవత్సరములు భద్రపఱుపవలెనని తీర్పు చెప్పెను. పాఠశాలకును అట్టి పుస్తక మొకటి కావలెను. ఏ గదికి ఏ రేకు ఎప్పుడు కప్పిరి, ఎప్పుడు విఱిగెను, ఎవరు తీసిరి అను సంగతులు అందుండవలెను. ఉపాధ్యాయులు మాఱుదురు, విద్యార్థులు వెడలిపోవుదురు. మేకు కొట్టుటకు నిచ్చెన వేసిన పనివానికి ఆ పుస్తకమే హెచ్చరిక చేయును. విద్యార్థులారా, మీ బడికప్పును ఒకమాఱు చూడుడు; బీట కనబడినచో తాకక, వెంటనే ఉపాధ్యాయులకు తెలుపుడు.